ముంపు ఊరి బండిదోవ

రెండు వేల గొర్రెలను తోలుకొని పోయి రిసార్టు గేటు ముందు నిలబడ్డానని చాలామందికి చెప్పాను. నిజానికి అవి నలభై రెండు. వాటిలో మూడు మా తమ్ముడివి. కోపం మాత్రం రెండు వేల గొర్రెలంత ఉండింది, అది అబద్ధం కాదు.

బొచ్చు కత్తిరించే ముందు గొర్రెలను నీళ్లలో దించి కడగాలి. కడగని బొచ్చు నిండా ఇసుక, పల్లేరుకాయలు. కత్తెర మొద్దుబారుతుంది, కంబళ్లు నేసేవాళ్లు దాన్ని ముట్టరు. మాకు దగ్గర్లో నీళ్లంటే డ్యాము వెనక నిలిచే నీళ్లే. ఏటా పోయే దోవకు అడ్డంగా ఈసారి ఇనుప గేటు, అటూ ఇటూ ముళ్లతీగ. లోపల పచ్చగడ్డి పరిచి, నీటి అంచున గొడుగులు పాతి, కుర్చీలు వేశారు.

"ఏమప్పా, ఈడ దోవ ఉండె గదా?" అని కాపలా మనిషిని అడిగాను.

"ఉండె పెద్దాయనా, ఇప్పుడు లేదు. గొర్రెలు పోతే గెస్టులకు వాసనొస్తాదంట."

వాసనంట! ఆ నీళ్ల కింద మా పాత ఊరుంది. డ్యాము కట్టినప్పుడు మునిగింది. నేను పుట్టిన ఇల్లు, మా అమ్మ జొన్నలు దంచిన రోలు, నా మూడెకరాల చేను, అన్నీ అక్కడే ఉన్నాయి. మా ఊరిని ముంచిన నీళ్లను ఎవరెవరో వచ్చి కుర్చీలో కూర్చొని చూడవచ్చు. మా గొర్రె మూతి మాత్రం తగలకూడదు!

అర్జీ పెట్టాం. తహసీల్దారు సర్వేయరును వెంటబెట్టుకొని వచ్చింది. వయసులో నా మనవరాలంత ఉంటుంది. ఊరి తరఫున మాట్లాడే పని నాకు అప్పగించారు. నన్నెరిగిన వాళ్లు చేయవలసిన పని కాదది.

"ఈ దోవ ఎప్పటినుంచి ఉంది?" అని అడిగిందామె.

"మున్నూరేండ్లాయ తల్లీ. నవాబు ఏనుగులు ఈ దోవనే దిగి ఆ రేవులో నీళ్లు తాగుతాండె. మా ముత్తాత మావటీలకు మజ్జిగ పోసినాడు."

రిసార్టు మేనేజరు నవ్వాడు. "మేడం, ఇక్కడికి నీళ్లొచ్చిందే డ్యాము కట్టాక. మూడొందల ఏళ్ల కిందట రేవెక్కడిది?"

వెనక నుంచి మా తమ్ముడు మోచేత్తో పొడిచాడు. "ఏనుగులను యాడ్నించి తెచ్చినావు అన్నా? ఉండే దోవ గూడా పోగొడ్తాండావు."

తహసీల్దారు ఫైలు మూయబోయింది.

అసలు సంగతి ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. అది మునిగిన మా ఊరికి పోయే బండిదోవ. అయినా ఎవరూ నోరు మెదపలేదు. పరిహారం తీసుకొని సంతకాలు పెట్టాం కాబట్టి ఊరితోపాటు దోవ కూడా ఇచ్చేసినట్టేనని, పాత ఊరి మాటెత్తితే పాత కాగితాలన్నీ తిరగేస్తారని మావాళ్ల భయం. నా భయం ఇంకాస్త పెద్దది. నా చేనిలో బావి ఉందని రాయించి, దానికీ పరిహారం తీసుకున్నాను. అది బావి కాదు, బర్రెలు పొర్లే గుంత.

ఆ ఫైలు మూతపడితే గొర్రెలకు నీళ్లు లేవు. అందుకే నోరు తెరిచాను.

"ఏనుగులు లేవు తల్లీ. మజ్జిగా లేదు. ఇది మా పాత ఊరి బండిదోవ. పెండ్లయినంక నా పెండ్లాన్ని బండిలో ఈ దోవనే తెచ్చుకున్యా. ఇంగో మాట, ఆ బావి గూడా..."

"బావి సంగతి నేనడగలేదు పెద్దాయనా," అంది తహసీల్దారు, నవ్వాపుకుంటూ. సర్వేయరుతో పాత పటం తెరిపించింది. అందులో మా ఊరుంది. ఊరికి పోయే బండిదోవ ఉంది. అది సరిగ్గా ఆ గేటు కిందుగానే పోతోంది.

"చివర నీళ్లున్నంత మాత్రాన దోవ కాకుండా పోదు. గేటు తీయండి," అంది.

"తీస్తాం మేడం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా," అన్నాడు మేనేజరు.

దప్పికకు కూడా వేళలు పెట్టాలనుకున్న ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేను. ఆమె ఒప్పుకోలేదు. రిసార్టు వాళ్లు పై ఆఫీసుకు పోయారు, అక్కడ ఇంకా తేలలేదు. ఈలోగా గేటయితే తెరిచారు, పక్కన బల్ల వేసి ఓ పుస్తకం పెట్టారు.

"పేరు, ఏం పనో చెప్పు పెద్దాయనా, రాయాల," అన్నాడు కాపలా మనిషి.

"సొంత చేనికి పోతాండానని రాసుకో."

అతను పెన్ను పట్టుకొని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. గొర్రెలు అప్పటికే గొడుగుల మధ్యనుంచి దిగుతున్నాయి.