ఎడమ చెప్పుకి ఎత్తు

మా అన్నయ్యకి చెప్పులు కుట్టడంలో కన్నా ఎత్తు కట్టడంలో పేరు. తుంటి కీలు అరిగి ఒక కాలు పొట్టిదైపోయినవాళ్లకి, ఆ కాలి చెప్పు అడుగున తోలు పొరలు అంటించి రెండు కాళ్లనీ సమం చేసేవాడు. అదే కొట్లో పక్కన కూర్చుని నేను సంచుల జిప్పులు బాగుచేస్తాను కనుక అంతా కళ్లారా చూశాను.

ఒకప్పుడు కీలు మార్పిడి ఆపరేషన్ అంటే జనం హడలిపోయేవారు. ఎవరో బాగా ముసలాయన ఎక్కడికో వెళ్లి చేయించుకొచ్చాడట అని వింతగా చెప్పుకునేవారు. మిగతావాళ్లంతా అన్నయ్య దగ్గరికే. తర్వాత పెద్దరోడ్డు మీద ఆసుపత్రి వచ్చింది. ముందు డెబ్బై దాటినవాళ్లు, ఆపైన అరవైల్లోవాళ్లు, ఇప్పుడు యాభై నిండనివాళ్లు కూడా తుంటో మోకాలో మార్పించుకుంటున్నారు. నడక కుదుటపడగానే తుంటివాళ్లు వచ్చి ఎత్తు తీసేయమంటారు. అన్నయ్య సంబరంగా తీసేసేవాడు. పోతున్నది తన బేరమేనని ఆ మానవుడికి తట్టేది కాదు.

చివరికి లెక్కల టీచరమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడా ఒంటరే, ఈయనా ఒంటరే. ఆవిడ వచ్చే రోజు అన్నయ్యకి చొక్కా మారేది. గంటలో అయ్యే పనికి వారం గడువు చెప్పి, మధ్యలో కొలత చూడాలని మళ్లీ రమ్మనేవాడు. కుంటుకుంటూ వచ్చే మనిషిని రెండుసార్లు తిప్పుతావా అంటే కసురుకునేవాడు. ఆవిడంటే ప్రాణం. ఆ మాట ఆవిడతో చెప్పడానికి మాత్రం నోరు పెగిలేది కాదు. ఇన్నేళ్లు నాన్చినందుకు నాకు ఒళ్లు మండేది.

ఒక రోజు ఆవిడ స్టూలు మీద కూర్చుని, డాక్టరు ఆపరేషన్ చేయించుకోమంటున్నాడని, భయంగా ఉందని చెప్పింది.

"మీరు వద్దంటే మానేస్తాను. నా కాలి సంగతి మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు."

నా చేతిలో జిప్పు ఆగిపోయింది. వద్దనెయ్యి అన్నయ్యా అని మనసులోనే బతిమాలాను. తప్పేననుకోండి, అయినా అనుకున్నాను. అన్నయ్య ఆవిడ ఎడమ చెప్పు అందుకుని దాని ఎత్తుని వేలితో తడిమాడు.

"చేయించుకోండి," అన్నాడు. "ఇక నా దగ్గరికి రావలసిన పని పడకూడదు మీకు."

ఇంకేదైనా అంటాడేమోనని ఆవిడ కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత మెల్లగా లేచి వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగిందని విన్నాం. ఎత్తు తీయించుకోవడానికైనా వస్తుందని అన్నయ్య కళ్లలో వత్తులు వేసుకుని చూశాడు. రాలేదు. కొత్త చెప్పులు కొనుక్కుందేమో. మొన్న సాయంత్రం రోడ్డు అవతల కనిపించింది. చేతిలో కర్ర లేదు, నడుస్తూ పక్కకి ఒరగడం లేదు, చకచకా పోతోంది. అన్నయ్య ఒళ్లో చెప్పు పక్కన పెట్టి లేచేసరికి మలుపు తిరిగిపోయింది.

పిలవచ్చు కదా అని కోప్పడ్డాను.

"పిలిస్తే ఆగేదే," అన్నాడు. "ఆగకుండా నడుస్తుంటే చూడాలనిపించింది."