నానమ్మ కోసిన ముళ్లతీగలు

నిన్న మామిడిపల్లి ఇంట్లో అటక సర్దుతుంటే, మణికట్టుకు తగిలించుకునే తాడుతో సహా ఆ తెల్ల వీడియోగేమ్ రిమోట్ దొరికింది. గుర్తుందా మీకు? మనం చెయ్యి ఊపితే టీవీలో వీరుడు కత్తి ఊపేవాడు!

ఆ ఆటలో మాయకోట తలుపును అల్లుకున్న ముళ్లతీగల దగ్గర నేనూ మా అన్నా వారం రోజులు ఆగిపోయాం. ఎంత గట్టిగా ఊపినా తీగ తెగేది కాదు.

జొన్నరొట్టెలు చేస్తున్న నానమ్మ చూసి చూసి విసుక్కుంది. "గట్ల కొడితే తెగుతదారా? మొదలుకాడ కొయ్యాలె. ఇటియ్యి."

పిండి చేతులతోనే రిమోట్ లాక్కుని చాప మీద గొంతుక్కూర్చుంది. దాన్ని కొడవలిలా పట్టి, నేలబారుగా తన వైపు లాగింది. ఒక్కో లాగుకు ఒక్కో తీగ తెగింది. ఎడమచెయ్యి మాత్రం ఖాళీ గాలిని పిడికిట పట్టి వెనక్కి పెడుతూనే ఉంది.

కోట తలుపు తెరుచుకుంది. మేం గంతులేశాం.

"అయిపోయింది నానమ్మా, ఇగ లే!" అన్నాడు అన్న.

ఆమె లేవలేదు. పొలం ఎయిర్‌పోర్టు కిందికి పోయాక ఆమె కోతకు కూర్చోవడం అదే మొదటిసారి. వెనక్కి తిరిగి ఖాళీ చాపను చూసింది.

"గింత కోసిన, ఒక్క మోపు గూడ కాలేదు గదరా" అంది.