పాఠంలో పది నిమిషాల మౌనం

లెక్కల్లో చురుకైన పిల్లల కోసం రాసిన కొత్త పాఠాలు మా వైపు బడుల్లో ఎలా నడుస్తున్నాయో చూసే పని నాకు అప్పగించారు. టీచర్లు నింపి పంపిన ఫారాలన్నింటిలోనూ ఒకటే మాట: పాఠం పుస్తకంలో ఉన్నట్టే చెప్పాం. పిల్లల రాతలు చూస్తే మాత్రం ఒక బడికీ ఇంకో బడికీ పొంతన లేదు.

ఈ పరిశోధన నడిపే మేడం సూర్యాపేటలో ఉంటారు. "ఫారాలను నమ్మకు. పోయి వెనక బెంచీల కూసోని సూడు," అన్నారు. మిర్యాలగూడలో పన్నెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని నేను. చెప్పని పాఠాలకూ టిక్కులు పెట్టినదాన్నే. అందుకే కుతూహలం ఆగలేదు.

పాఠం చిన్నదే. ఇరవై నాలుగు అగ్గిపుల్లలతో వీలైనంత ఎక్కువ జాగా పట్టే దీర్ఘచతురస్రం పేర్చాలి. ప్రశ్న అడిగాక పది నిమిషాలు టీచర్ నోరు విప్పకూడదు.

కోదాడలో సారు మూడో నిమిషంలోనే జవాబు బోర్డు మీద రాసేశారు. "ఊరుకుంటే గోల చేస్తారండీ," అని నవ్వి, ఫారంలో గళ్లన్నీ టిక్కులతో నింపారు.

మోతె దగ్గరి బడిలో టీచరమ్మ అగ్గిపుల్లలు బయటికే తీయలేదు. "ఇరవై నాలుగు మూరల తాడుంది. గొర్లకు దొడ్డి కట్టాలె. ఎట్ల కడితె ఎక్కువ గొర్లు పడ్తయ్?" అని అడిగి చేతులు కట్టుకుని నిలబడింది. పాఠం మార్చారు అని రాసుకున్నాను. కాసేపటికి గొర్రెలు పెంచే ఇంటి పిల్ల ఒకతి లేచింది.

"టీచర్, గోడకు ఆనిచ్చి కడితె ఒక దిక్కు తాడే అక్కర్లేదు గదా?"

టీచరమ్మ బెరుగ్గా నావైపు చూసింది. ఆ మాట పుస్తకంలో లేదు. అయినా ఆమె పెదవి కదపలేదు. పది నిమిషాలు నిండేదాకా పిల్లలే వాదించుకున్నారు.

తిరుగు బస్సులో నోటుబుక్కు తీసి లెక్క వేశాను. పుస్తకంలోని జవాబు చతురస్రం. గోడ ఉంటే అది గెలవదు. గోడ వెంబడి పొడవు వెడల్పుకు రెండింతలు ఉండాలి. ఇన్నేళ్లలో నాకెన్నడూ తట్టలేదు.

సూర్యాపేటలో దిగి మేడంకు రెండు బడుల సంగతీ చెప్పాను. "ఈ ఇద్దరిలో పాఠాన్ని ఉన్నదున్నట్టు చెప్పిందెవరు మేడం?" అని అడిగాను.

"నువ్వేమంటవ్?"

"పుల్లలు మార్చొచ్చు. మౌనం మార్చొద్దు."

"గట్లయితె మన ఫారమే తప్పున్నది," అన్నారామె.

ఏడాదిగా పోగేసిన ఫారాలన్నీ పక్కన పెట్టేశాం. మనసుకు కష్టమే అయింది. కొత్త ఫారంలో టిక్కులు లేవు. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని రాయడానికి ఖాళీ ఉంచాం. పాలకీడు నుంచి ఒక సారు రాశారు: "నాలుగు నిమిషాలు మాట్లాడకుంట ఉండగలిగిన. ఆపైన నాతోని కాలేదు."

ఆ నిజం రాసిన సారు పాఠం చూద్దామని మర్నాడే పాలకీడు బస్సెక్కాను.