ఢిల్లీ దాకా పోయిన ముడి

మొన్న నెక్కొండ బస్సులో పక్కసీటు పిల్ల ఫోనులోంచి పార్లమెంటు మాటలు గట్టిగా వినబడ్డాయి. కూలికి పోయే తల్లులు పసిపిల్లలను ఎక్కడ వదలాలని ఎవరో ఎంపీ అడుగుతున్నాడు. జమీలా టీచర్ కళ్లముందు నిలబడింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ మల్లిక రాస్తోంది. జమీలా టీచర్‌ను మీరు చూసి ఉండరు. మా ఊరి అంగన్‌వాడీ టీచర్. సన్నటి మనిషి, గొంతు మాత్రం నాలుగు వాడలకు వినిపించేది.

మా ఆయన పోయేనాటికి మల్లిక పాకుతోంది. అంగన్‌వాడీలో మూడేళ్లు నిండిన పిల్లలనే కూర్చోబెట్టుకునేవారు, అదీ మధ్యాహ్నం దాకానే. పత్తి ఏరే పని పొద్దు గూకేదాకా ఉంటుంది. ఏం చేయను? పాత చీరపేలిక ఒక కొస పిల్ల నడుముకు, రెండో కొస గట్టు మీది తుమ్మచెట్టుకు కట్టేదాన్ని. అవతలే బావి. సాలు చివరిదాకా పోయి తిరిగి చూసేవరకు నా ప్రాణం నాలో ఉండేది కాదు.

ఒకసారి ఎంపీ సారు సెంటర్ చూడటానికి వస్తున్నారన్నారు. మేము చేసిన పని వినండి. పెద్దమనిషి వస్తే ఊరి పరువు పోకూడదని తల్లులమంతా కూలి మానుకున్నాం. చంటివాళ్లతో సహా పిల్లలందరికీ తలంటుపోసి, కాటుక పెట్టి తెచ్చి కూర్చోబెట్టాం. ఎవరూ చెప్పలేదు, మాకు మేమే. సారు నన్నే అడిగారు.

"ఏమన్న తక్లీఫ్ ఉన్నదా అమ్మా?"

"ఏం లేదు సారూ, అంత మంచిగనే ఉన్నది."

"ఏం మంచిగున్నదే?" జమీలా టీచర్ ముందుకొచ్చింది. "సారూ, ఇయ్యాల వీళ్లు పని బంద్ వెట్టి వచ్చిండ్రు. రేపు జర పొద్దెక్కినంక పత్తిచేండ్లకు రాండ్రి. ఈమె బిడ్డ యాడుంటదో చూద్దురు."

సారు పోయాక ఆమె మీద పడ్డాను. "అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్ గద టీచరమ్మా!"

"నీ ఇజ్జత్ యాడికి వోదు గని, బిడ్డ బాయిల వడితే ఏం జేస్తవ్?"



మర్నాడు సారు నిజంగానే గట్టు మీదికి వచ్చారు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని ముడి విప్పబోయారు. రాలేదు.

"ఇంత గట్టిగ కట్టినవేందమ్మా?"

"బాయి దగ్గరున్నది సారూ."



కొన్నాళ్లకు జమీలా టీచర్ మమ్మల్ని కూర్చోబెట్టి ఫోనులో చూపించింది. ఢిల్లీలో సారు నిలబడి తుమ్మచెట్టు, బావి, తన వేళ్లకు రాని ముడి, అన్నీ చెబుతున్నారు. మంత్రి లేచి పరిశీలిస్తామన్నారు. మేము చప్పట్లు కొట్టాం. ఆమె మాత్రం ఫోను పక్కన పెట్టింది.

"సారు మాట నిలవెట్టుకున్నడు. కనీ వాళ్లు చూసేదాక పాకే పిల్లలు ఆగుతరా?"

తెల్లవారి నుంచి తన ఇంటి వరండాలో మా చంటిపిల్లలను ఉంచుకుంది. పొద్దున ఆమె అత్త చూసేది, సెంటర్ మూశాక తను చూసేది. మేము చేన్ల నుంచి వచ్చేదాకా కదిలేది కాదు.

చివరి రోజుల్లో జమీలా టీచర్ మంచం మీద నుంచి నాకు ఒక్క మాట చెప్పింది. "పోరగాండ్లు నిద్ర లేచేసరికి ఎరికైన ముఖం ఒక్కటి కనవడాలె. గంతే."

ఆమె పోయాక ఇప్పుడు ఆ వరండా నా చేతిలో ఉంది. మధ్యాహ్నం పిల్లలంతా పడుకుంటారు. నాకూ రెప్పలు బరువెక్కుతాయి. అయినా గోడకు ఆనుకోను. ఎవరు ముందు కళ్లు తెరుస్తారా అని చూస్తూ కూర్చుంటాను.