పక్క వరండాలో పదకొండేళ్ళు

ఫోను వచ్చినప్పుడు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. బిడ్డ గడప మీద కూర్చుని, "ఆఁ మేడమ్... ఆఁ..." అంటూ వింది. కాసేపటికి "రెండేనా?" అంది. ఫోను పెట్టేసి, నా పళ్ళెంలోంచి ఒక కాయ తీసుకుని ఈనె తీయడం మొదలుపెట్టింది. గింజలు కింద పడిపోతున్నా చూసుకోలేదు.

నా బిడ్డకు ముప్పై నాలుగేళ్ళు. షామీర్‌పేట దాటాక ఒక మందుల కంపెనీలో ల్యాబు పని. మేముండేది అత్వెల్లిలో. పెళ్ళి వద్దని కాదు, నచ్చినవాడు దొరకాలని దాని పట్టు. ఆ లోపల వయసు దాటిపోతే ఎట్లా అని అదే ఆలోచించుకుని, ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"అమ్మా, ఇప్పుడున్న గుడ్లను తీసి గడ్డకట్టిచ్చి దాస్తరు. రేపు నాకు నలభై వచ్చినా అవి గీ వయసుల్నే ఉంటయ్."

"మామిడికాయ తొక్కు లెక్కనా?" అన్నాను.

"గట్లనే అనుకో. కాకపోతే ఉప్పు, కారం ఉండయ్," అని నవ్వింది.

పన్నెండు రోజులు సూదులు వేసుకుంది. మా ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన ఆ మందుల డబ్బా ఉండేది. తలుపు తీసినప్పుడల్లా అది నన్నే చూస్తున్నట్టు ఉండేది. పొద్దున, సాయంత్రం పొట్ట మీద చర్మం పట్టుకుని తనే పొడుచుకునేది. నేను ముఖం అటు తిప్పుకునేదాన్ని. పది, పన్నెండు గుడ్లైనా వస్తాయని డాక్టరమ్మ అనుకుంది. నాలుగు వచ్చాయి. వాటిలో దాచడానికి పనికొచ్చినవి రెండు. ఆ ఫోను అందుకే.

మూడో రోజు ఇద్దరం హాస్పిటల్‌కి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్న వయసుదే, మెల్లగా మాట్లాడుతుంది. "రెండింటి మీదే నమ్మకం పెట్టుకోలేం. మళ్ళీ కరిగించినప్పుడు అన్నీ బతకవు," అంది. వచ్చే నెలలోనే ఇంకోసారి సూదులు మొదలుపెట్టవచ్చు, లేదంటే ఒంటికి కాస్త విశ్రాంతి ఇచ్చి ఒక ఏడాది తర్వాత రావచ్చు. ఏది మంచిదో తేల్చుకోవడానికి ఒక సంగతి తెలియాలి అంటూ కాయితం తిప్పింది.

"మీ అమ్మగారికి నెలసరి ఎప్పుడు ఆగింది? చాలాసార్లు బిడ్డకూ తల్లిలాగే ఆగుతుంది."

నేను నోరు తెరిచేలోపే బిడ్డ చెప్పేసింది. "యాభైకి దగ్గర్ల మేడమ్. మా అవ్వ కాలంజేసిన ఏడాదే. నాకు మంచిగ యాదికుంది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "అంతేనా అమ్మా?"

నేను తల ఊపాను.

"అయితే రక్తపరీక్షలో గుడ్ల అంకె తక్కువగా ఉన్నా, మరీ తొందర పడక్కర్లేదేమో. ఆలోచించుకుని చెప్పండి," అంది.

కారులో వస్తుంటే బిడ్డ ముఖంలోకి చాలా రోజుల తర్వాత రంగు వచ్చింది. "ఏడాది ఆగుతనే అమ్మా. పొట్టంత కమిలిపోయింది. సోమవారం ఫోన్ జేసి చెప్త," అంది. నేను కిటికీ అవతలికి చూస్తూ ఊఁ కొట్టాను.

బిడ్డకు యాదికున్నది అబద్ధం కాదు. అది చూసింది నిజంగా చూసింది. చూపించింది నేను.

మా అత్త ఉన్నన్ని రోజులు మా ఇంట్లో నెలనెలా మూడు రోజులు ఆడవాళ్ళు బయట కూర్చోవాల్సిందే. వంటింటి వెనక పక్క వరండా ఉంది. అక్కడ ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. బిడ్డ చిన్నప్పటి నుంచీ అదే నాకు అన్నం తెచ్చేది. గడప ఇవతల నిలబడి, నన్ను తాకకుండా కంచంలోకి వంచేది.

నాకు ఉన్నది అది ఒక్కతే. "కొడుకును కనకపోతే నా కొడుక్కు ఇంకోదాన్ని తెస్త," అని మా అత్త అందరి ముందు అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఉత్తమాట కాదని నాకు తెలుసు. ముప్పై ఎనిమిదో ఏట నాకు నెలసరి ఆగిపోయింది. మా అమ్మకూ నలభై లోపలే ఆగింది. పుట్టింటికి పోయి చెబితే మా అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. చాప మాత్రం ఇడువకు," అంది.

విడవలేదు. నెలనెలా రోజులు లెక్కపెట్టుకుని, ఏమీ లేకపోయినా చాప పరుచుకుని కూర్చున్నాను. మా అత్త దూరం నుంచి బట్టలు ఉతికిన నీళ్ళు చూసేది. దానికీ దారి వెతుక్కున్నాను. దిష్టి తీసేటప్పుడు పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేస్తాం కదా, చెంగులో చిటికెడు సున్నం దాచుకుని అవే చేసి పారబోసేదాన్ని. ఇట్లా పదకొండేళ్ళు. ఆమె చనిపోయిన నెలలోనే చాప ఎత్తేశాను. బిడ్డ లెక్కలో నాకు ఆగింది అప్పుడే.

ఆదివారం మా ఆడబిడ్డ అలియాబాద్ నుంచి వచ్చింది. బిడ్డ నీరసం చూసి సంగతి అడిగి తెలుసుకుంది.

"ఏడాది ఆగితె ఏమైతదే కోడలా? గింత పరేషాన్ ఎందుకు?" అంది. "మీ అమ్మ యాభై దాక వరండల కూసున్నది. పని తప్పించుకోను కూసుంటదని మా అమ్మ తిట్టేది! ఔనా వదినా?"

"ఔను," అన్నాను.

"చూసినవా? అమ్మ లెక్కనే బిడ్డ. నువ్వు నిమ్మలంగ ఉండు."

బిడ్డ కూడా నవ్వింది. నా అబద్ధానికి ఇప్పుడు సాక్షి కూడా దొరికింది. మా ఆడబిడ్డ చాయ్ తాగి, చిక్కుడుకాయలు కట్టించుకుని వెళ్ళేదాకా నేను తల ఎత్తలేదు. మా అత్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంకా ఎవరికి భయపడుతున్నానో నాకే తెలియలేదు.

ఆడబిడ్డ ఆటో మలుపు తిరగగానే వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలో నీళ్ళు పోసి, పసుపు వేసి, తమలపాకుల డబ్బాలోంచి సున్నం తెచ్చి, బిడ్డ ముందు కూర్చున్నాను. నోటితో మొదలుపెట్టడం నా వల్ల కాలేదు.

"గిది చూడు," అని సున్నం కలిపాను. నీళ్ళు ఎర్రగా తిరిగాయి.

"దిష్టి తీస్తవా అమ్మా?"

"కాదు. గీ నీళ్ళే నేను వరండల పారబోసేది. బట్టలు ఉతికినట్టు. మీ అవ్వ చూడాలని."

బిడ్డ గిన్నెలోకి చూసింది. రోజంతా సీసాల్లో రంగులు చూసే పిల్ల, దానికి ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు.

"ఎప్పటి సంది?"

"నీకు పద్నాలుగేండ్లప్పటి సంది."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అంటే నీకు ముప్పై ఎనిమిది." మళ్ళీ తల ఎత్తి, "అమ్మమ్మకు?"

"నలభై లోపలనే."

"డాక్టరమ్మ నీ మొఖం చూసి అడిగింది కదనే. తల ఎందుకు ఊపినవ్?"

"ఊపుడు అలవాటైంది బిడ్డా."

తిట్టి ఉంటే బాగుండేది. గిన్నె తీసుకెళ్ళి పారబోసి, కడిగి బోర్లించి, డాక్టరమ్మకు ఫోను చేసింది. ఇక ఏడాది మాట లేదు. ఈ నెలసరి రాగానే రెండో రోజు రమ్మన్నారు.

అది రాలేదు.

తారీఖు దాటింది. మూడు రోజులు, ఐదు రోజులు. బిడ్డ స్నానాలగది నుంచి వచ్చినప్పుడల్లా ముఖం చూసేదాన్ని. తల అడ్డంగా ఊపేది. ఒకప్పుడు రానిదాన్ని వచ్చిందని చెప్పిన ఇంట్లోనే, అది రావాలని ఇద్దరం ఎదురుచూశాం. ఎనిమిదో రోజు పొద్దున నా పక్కకు వచ్చి కూర్చుంది.

"అమ్మా, నీకు మొదలు గిట్లనే అయిందా?"

ఎన్నేళ్ళైనా నాకు ఆ రోజులు వరసగా గుర్తున్నాయి. "అయింది. ముందుగాల పది రోజులు ఆగింది. మళ్ళ రెండు నెలలు. ఒక్కసారి వచ్చింది."

"ఆ తర్వాత?"

"మళ్ళ రాలే."

బిడ్డ లేచింది. "చెప్పులేసుకో. దానికోసం చూసుడు బంద్."

ఈసారి డాక్టరమ్మ కాయితం తిప్పకముందే నేను చెప్పాను. "నాకు ముప్పై ఎనిమిదికి ఆగిందమ్మా. ఆ రోజు తప్పు చెప్పిన." ఆమె నా వైపు చూసి, పాత అంకె మీద గీత కొట్టి, బిడ్డను స్కానింగుకు తెర వెనక్కి తీసుకెళ్ళింది. నేను తెర ఇవతల కూర్చున్నాను, కంచం కోసం కూర్చున్నట్టు.

"కుడివైపు రెండు గుడ్ల సంచులు కనిపిస్తున్నాయి," అంది డాక్టరమ్మ. రెండోవైపు లెక్క మాత్రం చెప్పలేదు. ఎడమవైపు ఏముందని అడగాలనిపించింది. అడగలేదు.

"ఉన్నవాటితోనే ఇయ్యాల మొదలువెట్టొచ్చా మేడమ్?" బిడ్డ గొంతు.

"పెట్టొచ్చు. ఎన్ని వస్తాయో మాత్రం నేను చెప్పలేను."

"పెట్టుండ్రి."

తిరిగి వస్తూ మందుల డబ్బా నా ఒళ్ళో పెట్టుకున్నాను. కింద మంచుగడ్డలు పెట్టి ఇచ్చారు. మేడ్చల్ దాటేసరికి ఆ చల్లదనం చీరలోంచి తొడల దాకా దిగింది. బిడ్డ కారు నడుపుతూ, "బరువుందా? వెనకాల పెట్టు," అంది.

వద్దన్నాను. ఇంటికి వచ్చేదాకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.