గోరు కోసిన గద్ద

దెమెత్రియో మావయ్య కత్తిచేపల పడవలో స్తంభం ఎక్కే మనిషి. కొబ్బరిచెట్టంత ఎత్తున నిలబడి, నీళ్లకింద కదిలే చేప నీడను అందరికన్నా ముందు పట్టేవాడు. ముప్పై ఏళ్లపాటు సిసిలీకీ మా తీరానికీ మధ్యనున్న జలసంధిలో ఆ కళ్లకు సాటి లేదు.

మా ఊళ్లో మగాణ్ణి తేల్చేది మాత్రం చేప కాదు, గద్ద. ఏప్రిల్ వచ్చిందంటే తేనెగద్దలు సిసిలీ వైపు నుంచి సముద్రం దాటి, రెక్కలు అలిసిపోయి మా కొండ అంచును రాసుకుంటూ వస్తాయి. పెళ్లయినవాడు మే నెల ముగిసేలోగా ఒక్కదాన్నైనా కూల్చకపోతే, వాడి పెళ్లాం ఇంకొకడితో పోతోందని, వాడికి కొమ్ములు మొలిచాయని ఊరు తీర్మానిస్తుంది. నవ్వుతూనే అంటారు. చచ్చేదాకా మరిచిపోరు.

ఆ ఏడు నేను ఆయన పక్కనే రాతి మాటులో కూర్చున్నాను. గద్దల గుంపు నెత్తిమీంచి పోతుంటే ఆయన ఎక్కడో సముద్రపు కాకుల మీద తుపాకి పేల్చాడు. కళ్లకు పొర కమ్ముతోందని నాకప్పుడు తెలిసింది.

"ఎవరితోనూ అనకురా. వచ్చే నెల స్తంభం ఎక్కాలి," అన్నాడు.

ఆయనకు వేరే పని రాదు. నేను అనలేదు.

మే ఇరవై దాటింది. అందరూ తాము కొట్టిన గద్దను మంగలి కోలా దుకాణానికి తెచ్చి చూపించి పోయారు. కోలా ఆయన గడ్డం గీస్తూ అడిగేవాడు: "టోపీ బిగుతవుతోందా మావా? ఓ సైజు పెద్దది చెప్పనా?"

కొన్సొలాతా అత్త వినలేకపోయింది. ఆ ఏడు నాలుగు గద్దల్ని కూల్చిన బస్తియానో దగ్గరికి వెళ్లి ఒకటి అడుక్కొచ్చింది. అతనికి పెళ్లాం చచ్చిపోయి ఆరేళ్లు. నిన్న నువ్వు కొట్టిందే, ముళ్లపొదలో దొరికిందని మొగుడికి చెప్పింది. ఆయన నమ్మాడు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాడు.

ఎవరు కూల్చారన్న తగాదా రాకుండా మావాళ్లు పడిన గద్దకు ఒక్కొక్కరు ఒక్కో గోరు గుర్తుగా కోస్తారు. బస్తియానో ఎడమకాలి నడిమి గోరు కోస్తాడు. ఈకలు పీకి వండే అత్తకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మావయ్యకు కనబడలేదు.

ఆయన గద్దను తెచ్చి అద్దం ముందు పెట్టాడు. దుకాణంలో అందరూ చూశారు. కుర్చీలో సగం గడ్డంతో ఉన్న పడవ యజమానీ చూశాడు.

"ఎడమకాలు తడిమి చూసుకో మావా," అన్నాడు కోలా.

ఆయన బొటనవేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. "నాకు చూపు పోతోంది, అందుకే నా పెళ్లాం అడుక్కొచ్చింది," అని ఆయన ఒక్కమాట అంటే అత్త పరువు నిలిచేది. ఆయన యజమాని కూర్చున్న వైపు మొహం తిప్పాడు.

"బస్తియానోదే. నా ఇంటి సంగతి నేను చూసుకుంటా."

నేను నేలమీద వెంట్రుకలు చూస్తూ కూర్చున్నాను.

వారం తిరక్కుండా యజమాని స్తంభం మీదికి ఇంకొకణ్ణి ఎక్కించాడు. కొమ్ములవాడు పైనుంటే చేప దగ్గరికి రాదట. బస్తియానో ప్రమాణం చేసి కాదన్నాడు. దాంతో ఊరికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

అత్త ఇల్లు వదిలిపోలేదు. ఏప్రిల్ వస్తే ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి సముద్రపు గోడమీద కూర్చోబెడుతుంది.

"వస్తున్నాయా?" అని అడుగుతాడు.

నెత్తిమీద వందల గద్దలు తిరుగుతుంటాయి.

"ఒక్కటీ లేదు," అంటుంది.