బోర్డు దించాక మిగిలిన డీజిల్

మీ ఎదుటే ఒకరిని దొంగ అన్నప్పుడు, నోరు తెరిచి ‘ఎట్లా తెలుసు?’ అని మీరెప్పుడైనా అడిగారా? మా సంఘం గదిలో ఆ రోజు ఎవరూ అడగలేదు. దొంగ అన్నది నేను. ఆ మాట బరువు ఏళ్ల తరబడి మోస్తున్నాను. సభల్లో గొంతు చించుకున్నప్పుడు కూడా అది లోపల కదలకుండా కూర్చునే ఉంది.

చిత్తూరులో మాది చిన్న హేతువాద సంఘం. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. సెలవు దొరికితే మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలు. సంఘానికి ఒక పాత డీజిల్ కారుండేది. దాని టాపు మీద వెడల్పాటి రేకు బోర్డు నిలువుగా బిగించాం. ‘రుజువు అడగండి’ అని పెద్ద అక్షరాలు. ఎదురొచ్చే ప్రతివాడూ చదవాలని నా పట్టు. కారు నడిపేది మునిరత్నం. పూతలపట్టు, వడమాలపేట, నగరి, ఏ ఊళ్లో సభ పెట్టినా అతనే.

పాత రోడ్డు మీద గుంతలు తప్పించుకుంటూ మెల్లగా పోయేవాళ్లం. తిరుపతి రోడ్డు వెడల్పయ్యాక నేనే తొందరపెట్టేవాణ్ణి. ‘తొక్కు మునిరత్నం, జనం కాసుకోని ఉంటారు.’ అప్పటి నుంచి డీజిల్ నిలవలేదు. అనుకున్న ఊళ్లు తిరగకముందే ట్యాంకు ఖాళీ. మెకానిక్ చూసి ఎక్కడా కారడం లేదన్నాడు, ఇంజను బాగుందన్నాడు. అయితే ఇక మిగిలింది మనిషే అనుకున్నాను. ఎంత తొందరగా అనుకున్నాను!

సంఘం గదిలో అందరి ముందూ నిలదీశాను.

“డీజిల్ యాడికి పోతా ఉండాది మునిరత్నం?”

“బండే తాగతా ఉండాది సార్. ఎంత తొక్కినా లాగల్యా.”

“దాహం బండికా అప్పా, నీకా?” అన్నాడు మా కార్యదర్శి. గదంతా గొల్లున నవ్వింది.

మునిరత్నం నవ్వలేదు. “కాణిపాకం పోదాం రాండి సార్. దేవుని ముందర ప్రమాణం చేస్తా. ఒక్క చుక్క తీయలా.”

దొంగతనం నింద పడితే కాణిపాకంలో ప్రమాణం చేయడం మా జిల్లా ఆనవాయితీ. దాన్ని ఎగతాళి చేస్తూ వ్యాసాలు రాసినవాణ్ణి నేను.

“ప్రమాణాలు నా దగ్గర చెల్లవు. రుజువు చూపించు.”

“తీయనిదానికి రుజువు యాడ తెచ్చేది సార్?”

నింద వేసినవాడే రుజువు చూపాలి. ఆ మాట వేదికల మీద నేనెన్నిసార్లు చెప్పలేదు? అయినా ‘నువ్వే దొంగవి’ అన్నాను. అతను తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

కొత్త డ్రైవరు వచ్చేసరికి బోర్డుకు రంగు వేయించాలని దించి ఉన్నాం. అదే రోడ్డు, అదే వేగం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. మునుపు మూలుగుతూ పోయే ఇంజను ఇప్పుడు అలవోకగా లాగుతోంది. ఊళ్లన్నీ తిరిగొచ్చినా ట్యాంకులో డీజిల్ మిగిలింది.

వడమాలపేట దాటకముందే నాకు అర్థమైంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుందని ఏటా నల్లబల్ల మీద రాసి చెప్పింది నేనే. మెల్లగా పోయినన్నాళ్లూ ఆ రేకు పెద్ద భారం కాలేదు. వేగం పెరిగాక గాలి దాన్ని వెనక్కి నెడుతుంటే, ఆ నెట్టుడుకు ఎదురు లాగడానికే ఇంజను డీజిల్ కాల్చింది. బోర్డు నిలబెట్టింది నేను. తొక్కమన్నది నేను.

బోర్డు మళ్లీ బిగించి ఒక్క ప్రయాణం చేస్తే అందరి ముందూ తేలిపోయేది. ఆ ఒక్క ప్రయాణం నేను జరగనివ్వలేదు. “బోర్డెందుకులే, తలుపుల మీద రాయిద్దాం” అన్నాను. దొంగ పోయాడు, డీజిల్ మిగిలింది అని మావాళ్లు మురిసిపోతుంటే తల ఊపాను. ఎందుకు? ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నవ్వులపాలవుతానని భయపడ్డాను.

నా మాటకు ఊళ్లో విలువుండేది. అందుకే చిత్తూరులో ఎవరూ మునిరత్నానికి బండి ఇవ్వలేదు. నగరిలో మరమగ్గాల షెడ్డులో పనికి చేరాడు. ఈమధ్య అక్కడికి వెళ్లాను. మగ్గాల మోతలో ఈ సంగతంతా గొంతు పెంచి, దాదాపు అరిచి చెప్పాల్సి వచ్చింది. అతను చివరిదాకా విన్నాడు.

“నాతో ఎందుకు సార్? నేను తీయలేదని నాకు తెల్దా? ఆ పొద్దు ఎవురి ముందర అంటిరో, వాళ్లతో చెప్పండి.” లోపలికి వెళ్లిపోయాడు.

అందుకే ఇది రాస్తున్నాను. అతను నన్ను క్షమించలేదు. క్షమించమని అడిగే ముఖమూ నాకు లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. నేనెవరో మా సంఘంవాళ్లకు తెలిసిపోతుంది, తెలియనివ్వండి. కానీ ఆ మాట మా గది దాటి బంకుల దాకా, కార్ల స్టాండు దాకా, యజమానుల ఇళ్ల దాకా పోయింది. నేనొక్కణ్ణే తిరిగితే దాన్ని అందుకోలేను. మునిరత్నం డీజిల్ దొంగ అని మీరు ఎవరి నోట విన్నారో, విని ఎవరికి చెప్పారో, వాళ్ల దగ్గరికి పోండి. అతను దొంగ కాడని చెప్పండి. ఇవాళే పోండి.